వెస్సంతరుని దానం: ఒక పురాతన ఆక్షేపణ

పాలి జాతకాలలో చివరిదైన 547వ కథ వెస్సంతర జాతకం. కరవుతో అలమటిస్తున్న కళింగవాసులకు మంగళకరమైన తెల్లయేనుగును దానమిచ్చినందుకు వెస్సంతరుడు శిబిరాజ్యం విడిచిపోవలసి వస్తుంది. వంకపర్వతంపై తాపసిగా ఉన్నప్పుడు, యాచించిన జూజకునికి తన బిడ్డలు జాలిని, కణ్హాజినను ధారపోస్తాడు. థేరవాద సంప్రదాయం దీనిని దానపారమికి పరాకాష్ఠగా భావిస్తుంది.

ఇందులో ఒక చిక్కున్నది. స్వదేహాన్ని అర్పించినవాడు తన బాధను తానే భరిస్తాడు. బిడ్డలను అర్పించినచోట బాధ బిడ్డలకు చెందుతుంది. ఈ ఆక్షేపణ నేటిది కాదు. పరులకు దుఃఖం కలిగించి పుణ్యం కోరడం తగునా అని మిలిందపఞ్హలో రాజు నాగసేన స్థవిరుని అడుగుతాడు. నడవలేని శ్రమణుని బండిలో గమ్యం చేర్చినవానికి, ఎద్దులు శ్రమపడినప్పటికీ, పుణ్యం కలుగుతుంది కదా అని స్థవిరుడు బదులిస్తాడు. ఎద్దుల శ్రమను ఆయన కాదనలేదని గమనించాలి.

జాతకకర్త సైతం బాధను దాచలేదు. జూజకుడు పిల్లలను లతతో కట్టి కొట్టుకుంటూ తీసికొనిపోగా, వెస్సంతరుడు ఖడ్గం పట్టి వెంటాడదలచి, ఇచ్చినదానికి వగచడం సత్పురుషధర్మం కాదని తన్ను తాను నిగ్రహించుకొంటాడు. పల్నాటి గోలి స్తూపశిల్పాలలో చెక్కబడిన ఈ గాథను నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో చూడవచ్చును.

కనుక ఈ గాథను పఠించే పరిశోధకుడైనా, భిక్షువైనా రెండింటిని కలిపి చూడాలి: దాత విడిచినదేమి, ఆ విడుపు భారం మోసినదెవరు. రెండవ ప్రశ్నను విస్మరించిన త్యాగప్రశంస మూలగ్రంథానికే న్యాయం చేయదు.