ఊగే ఫ్యాను చెప్పే పాఠం

వేసవి మధ్యాహ్నం వికారాబాదులోనైనా, తాండూరులోనైనా ఫ్యాను తిరగనిదే కన్ను మూతపడదు. మీ ఇంటి ఫ్యానును ఒకసారి తలెత్తి చూడండి. రెగ్యులేటరు 1 మీద ఉన్నప్పుడు బుద్ధిగా తిరుగుతుంది. 5కు తిప్పగానే కడ్డీతో సహా ఊగుతూ టకటకమంటుంది. "మోటారు పోయింది, కొత్తది కొనాలి" అంటారు ఇంట్లో. కాని చాలాసార్లు మోటారు నిక్షేపంగానే ఉంటుంది. లోపమల్లా కొన్ని గ్రాములలోనో, కొన్ని మిల్లీమీటర్లలోనో ఉంటుంది.

ఎందుకు ఊగుతుంది?

తాడుకు రాయి కట్టి గిరగిర తిప్పితే అది మీ చేతిని బయటికి లాగుతుంది కదా! ఫ్యానులో ఒక్కొక్క రెక్క మోటారును అలాగే తనవైపు లాగుతుంది. మూడు రెక్కలూ సమానమైన బరువుతో, సమానమైన దూరంలో ఉంటే ఆ మూడు లాగుళ్లు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అప్పుడు ఫ్యాను గరిమనాభి సరిగ్గా ఇరుసు మీద ఉంటుంది. ఒక రెక్క బరువెక్కితే గరిమనాభి పక్కకు జరుగుతుంది. ఫ్యాను ఊగడం మొదలుపెడుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక రెక్క మీద, ఇరుసు నుంచి అర మీటరు దూరంలో, 10 గ్రాముల బరువు ఎక్కువైందనుకోండి. అంటే సుమారు మూడు రూపాయి బిళ్లల బరువు. ఫ్యాను నిమిషానికి 360 చుట్లు, అనగా సెకనుకు 6 చుట్లు తిరుగుతున్నది. అప్పుడు ఆ 10 గ్రాములు ఇరుసును సుమారు 7 న్యూటన్ల బలంతో లాగుతాయి. 700 గ్రాముల బరువును వేలాడదీసినంత లాగుడు అన్నమాట! పైగా ఆ లాగుడు ఒక దిక్కున నిలవదు, సెకనుకు ఆరుసార్లు చుట్టి వస్తుంది. వేగాన్ని సగం చేస్తే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 1 మీద బుద్ధిగా ఉన్న ఫ్యాను 5 మీద ఎందుకు గంతులు వేస్తుందో ఇప్పుడు తెలిసింది కదా!

ఒకప్పుడు వికారాబాదు జంక్షను మీదుగా నడిచిన ఆవిరి ఇంజన్లకూ ఈ చిక్కే ఉండేది. చక్రానికి ఒకవైపున కడ్డీల బరువు పడేది కనుక, దానికి ఎదురుగా చక్రంలో నెలవంక ఆకారంలో ఇనుము నింపేవారు. టైర్ల దుకాణంలో కారు చక్రం అంచుకు చిన్న బరువు ముక్కలు తగిలించేదీ ఇందుకే.

ముందు జాగ్రత్త

ఈ పని పెద్దవారిని పక్కన పెట్టుకొనే చేయాలి. స్విచ్చి ఆపితే చాలదు. వైర్లు తారుమారుగా కలిపి ఉంటే, స్విచ్చి ఆపినా ఫ్యానుకు కరెంటు ఉంటుంది. మెయిను స్విచ్చి ఆపాలి. ఇన్వర్టరు ఉంటే దానినీ ఆపాలి. కరెంటు పోయింది కదా అని ఎక్కకూడదు, అది ఎప్పుడు వస్తుందో ఎవరు చెప్పగలరు? నునుపు చేసిన తాండూరు బండల నేల మీద నిచ్చెన సులువుగా జారుతుంది. కింద ఒకరు గట్టిగా పట్టుకోవాలి.

నాలుగు పరీక్షలు

1. దుమ్ము: రాళ్లు కోసే మిషన్లున్న తాండూరులో మెత్తని రాతిపొడికి కొదవ లేదు. అది రెక్కల మీద పేరుకొని, ఒకచోట పెళ్లగా రాలి, మరొకచోట మిగిలిపోతుంది. మూడు రెక్కలనూ, ముఖ్యంగా పైవైపున, తడిగుడ్డతో తుడవండి. రెక్క వంగకుండా కింద చేయి ఆనించండి. కొన్ని ఫ్యాన్లకు ఈ వైద్యమే చాలు.

2. స్క్రూలు: రెక్కలను పట్టి ఉంచే స్క్రూలన్నీ బిగించండి. ఒక్కటి వదులైనా చప్పుడు వస్తుంది.

3. ఎత్తు: రెక్క చివర పక్కన పొడవాటి కర్రను నేల మీద నిలువుగా నిలబెట్టి, చివర ఉన్న ఎత్తున సుద్దతో గీత పెట్టండి. కర్రను కదపకుండా, ఫ్యానును చేత్తో తిప్పి రెండో రెక్కనూ మూడో రెక్కనూ అదే చోటికి తెండి. చేయి తీసి, ఊగడం ఆగిన తరువాతే చూడాలి. మూడు వేర్వేరు చోట్ల కొలిస్తే నేల ఎగుడుదిగుళ్లు కూడా లెక్కలో కలుస్తాయి. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఏదో రెక్క వంగిందన్నమాట. దాన్ని పెద్దలు మెల్లగా సరిచేయాలి. ఒక్క రెక్కను మాత్రం మరో ఫ్యాను నుంచి తెచ్చి బిగించకండి. రెక్కలు బరువు సరిచూసిన జతగా వస్తాయి.

4. బరువు: ఇంకా ఊగుతుంటే ఒక రూపాయి బిళ్లను ఒక రెక్క పైవైపున, నడుమ, గట్టి టేపుతో అంటించండి. నిచ్చెన తీసి, అందరూ దూరంగా నిలబడి, ఫ్యాను వేయండి. ఊపు పెరిగిందా, తగ్గిందా? ఒక్కొక్క రెక్క మీద ఇలాగే చేసి చూడండి. ఊపు ఎక్కువగా తగ్గిన రెక్కే తేలికైన రెక్క. తరువాత బిళ్లను లోపలికీ బయటికీ జరుపుతూ ఊపు అతి తక్కువగా ఉండే చోటు పట్టుకోండి. త్రాసులో తూచినట్టే! టేపు ఊడితే బిళ్ల రాయిలా ఎగిరి తగులుతుంది కనుక, చివరికి దాన్ని ఊడకుండా అతికించాలి.

చప్పుడు భాష

చుట్టుకొకసారి "టక్" మంటే వదులైన స్క్రూ గాని, ఎక్కడో తగులుతున్న మూత గాని కారణం. వేగం తగ్గిస్తే "హుమ్" అని మూలుగు వినిపిస్తే, రెగ్యులేటరును, మోటారు తీగచుట్టలను అనుమానించాలి. ఎడతెగని "గరగర" అయితే బేరింగు అరిగిందని అర్థం. అది ఎలక్ట్రీషియను పని. పైనుంచి నూనె పోసి లాభం లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది కంటికి కనిపించదు. కడ్డీ పైన, గిన్నెలాంటి మూత వెనుక, కొక్కెమూ బోల్టూ ఉంటాయి. బోల్టు ఊడిపోకుండా ఒక చిన్న చీలిక పిన్ను కాపలా కాస్తుంది. ఊగే ఫ్యాను సెకనుకు ఆరుసార్లు ఆ బోల్టును కుదుపుతూనే ఉంటుంది. అలా నెలల తరబడి కుదిపితే నట్టు వదులవుతుంది, కొక్కెం అరుగుతుంది. మూడు నాలుగు కిలోల ఫ్యాను మంచం మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకే ఊపును "అలవాటైపోయింది" అని వదిలేయకూడదు. ఈ ఆదివారం దుమ్ము తుడవడం మీరు చేయండి. కొక్కెం, బోల్టు, పిన్ను ఒకసారి చూడమని ఎలక్ట్రీషియనుకు మీ నాన్నగారి చేత చెప్పించండి.