డ్రమ్ములో బేనిషాన్

కొల్లాపూర్ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది మామిడి. నాగర్‌కర్నూల్ జిల్లాలో కృష్ణ ఒడ్డునున్న ఈ ప్రాంతం బేనిషాన్ తోటలకు ప్రసిద్ధి. బేనిషాన్ అంటే మరేదో కాదు, బంగినపల్లికే ఇటువైపు ఉన్న ఇంకో పేరు. ఆ పండు రుచి మరిగినవాళ్లు టెంకను పెరట్లో పాతిపెడతారు. మొలుస్తుంది కూడా. అయితే ఏళ్ల తరబడి ఎదురుచూశాక కాసేది బేనిషాన్ కాదు.

బేనిషాన్ టెంకలో ఉండేది ఒకే పిండం. పూత మీద వాలిన ఈగ ఏ చెట్టు పుప్పొడిని మోసుకొచ్చిందో, ఆ చెట్టు లక్షణాలూ అందులో కలుస్తాయి. తల్లి గుణం చెక్కుచెదరకుండా రావాలంటే అంటు మొక్కే దిక్కు. తెచ్చి నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి. దాని కింద నుంచి వచ్చే చిగుళ్లు టెంక మొక్కవి. వాటిని ఎప్పటికప్పుడు గిల్లెయ్యకపోతే నాలుగేళ్లకు పెరట్లో మిగిలేది నాటు మామిడే.

మామిడి ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. అలాగని ఏడాదంతా పెరుగుతూ ఉండదు, విడతలు విడతలుగా చిగురిస్తుంది. కొత్త చిగురును దగ్గరగా చూడండి: రాగిరంగులో, తడిగుడ్డలా వేలాడుతూ, పట్టుకుంటే మెత్తగా ఉంటుంది. కొన్ని వారాల్లో రంగు మారి, బిరుసెక్కి, ముదురాకుపచ్చగా నిలబడుతుంది. ఆపైన ఆ కొమ్మ విశ్రాంతిలోకి వెళ్తుంది. పూత రహస్యమంతా ఆ విశ్రాంతిలోనే ఉంది.

డిసెంబరు రాత్రుల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపులకు దిగినప్పుడు ఆ చలిని పసిగట్టేది మొగ్గ కాదు, ముదిరిన ఆకు. అక్కడి నుంచి అందిన సంకేతంతోనే కొమ్మ చివరి మొగ్గ ఆకు వేయడం మాని పూత వేస్తుంది. ఆ సమయానికి కొమ్మ లేతగా ఉంటే పూత రాదు. అందుకే కాయ కోయగానే, జూన్, జూలైల్లోనే కొమ్మల చివర్లు కత్తిరించాలి. దసరా దాటాక కత్తెర పడితే ఆ ఏడు ఆకులే మిగులుతాయి. కార్తీకం నుంచి నీళ్లు తగ్గించాలనడం కూడా ఇందుకే. పిందెలు బఠానీ గింజంత అయ్యాక మళ్లీ పెంచాలి. డ్రమ్ములోని మొక్కకు మాత్రం మట్టి కొంచెమే కాబట్టి, ఆకు వాడేదాకా ఎండగట్టకూడదు.

నేలను బట్టి నాటే తీరు మారుతుంది. వనపర్తి వైపు చలక నేలలో మూడడుగుల గొయ్యి తీసి, వేసవంతా ఎండనిచ్చి, పశువుల ఎరువు కలిపిన మట్టితో పూడ్చి, తొలకరికి నాటితే చాలు. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న గద్వాల నడిగడ్డలో నల్లరేగడి ఉన్నచోట నీళ్లు నిలుస్తాయి, వేరు కుళ్లుతుంది. అక్కడ మట్టిని ఎత్తుగా పోసి, ఆ దిబ్బ మీద నాటాలి.

జాగా లేనివాళ్లకు మిద్దె ఉంది. 200 లీటర్ల డ్రమ్మును అడ్డంగా కోస్తే రెండు కుండీలవుతాయి. అడుగున చిల్లులు పెట్టి, వాటిపై పెంకులు పరిచి, రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు బాగా మాగిన ఎరువు, ఒక పాలు ఇసుక కలిపి నింపాలి. కుండీని ఇటుకల మీద ఎత్తితే నీళ్లు సాఫీగా పోతాయి. నిజమైన శత్రువు మే నెల ఎండ. మొక్క నెత్తి మీద పడే ఎండ కన్నా, డ్రమ్ము గోడను కాల్చే ఎండే వేళ్లను ఎక్కువగా చంపుతుంది. చుట్టూ గోనెపట్టా కట్టి తడుపుతూ ఉంటే లోపలి మట్టి చల్లగా ఉంటుంది.

బేనిషాన్‌ను డ్రమ్ములో పెంచవచ్చు. కానీ కత్తెర చేతి నుంచి దిగకూడదు. అంత తీరిక లేనివారికి ఆమ్రపాలి మేలు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ దశేరీని మన దక్షిణాది నీలంతో కలిపి తెచ్చిన పొట్టి రకమిది. ఏటా కాస్తుంది. పాత పద్ధతిలో పది మీటర్ల ఎడంతో ఎకరాకు 40 చెట్లు పడితే, దీన్ని రెండున్నర మీటర్ల ఎడంలోనే నాటుతారు.

పూత వచ్చాక మందులు కొట్టాలన్న తొందర వద్దు. మామిడి పూతకు పరాగం మోసేది ఎక్కువగా ఈగలు, చిన్న పురుగులే. ఒక్కో గుత్తిలో వేలకొద్దీ పూలున్నా అందులో చాలావరకు మగవి. గుత్తికి ఒకటో రెండో కాయలు నిలిస్తే అదే మంచి కాపు.

నాటిన మరుసటి ఏడే అంటు మొక్క పూత వేయవచ్చు. మొదటి రెండేళ్లూ ఆ పూతను తుంచెయ్యాలి. పిల్లలు చూస్తుండగా తుంచడం కష్టమే. కానీ ఆ మొక్కకు అప్పటికి కావలసింది కాయ కాదు, వేరు.