విద్యుత్ కారు లోపలి సంగతులు

నేడు మన గ్రామ రహదారులపై విద్యుత్తుతో నడచు స్కూటర్లు, ఆటోలు కానవచ్చుచున్నవి. కొన్ని ఊళ్ళకు కార్లు కూడ వచ్చినవి. పెట్రోలు ఇంజను చెడినచో పొగనుబట్టియో, చప్పుడునుబట్టియో మెకానిక్కు దానిని కనిపెట్టగలడు. విద్యుత్ వాహనపు బ్యాటరీ అట్టిది కాదు. అది మూసియుంచిన పెట్టె. లోపల జరుగునది కంటికి కనబడదు, చెవికి వినబడదు. వాహనపు ఖరీదులో పెద్ద పాలు ఆ పెట్టెదే. మరి దాని బాగోగులను యజమాని ఎట్లు తెలిసికొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన కొందరు అమెరికా కారు యజమానుల వృత్తాంతము మనకును ఉపయోగపడును గనుక ఇచట వివరించుచున్నాము.

పెట్టెలో ఏమున్నది?

జపాను దేశపు నిస్సాన్ సంస్థవారి లీఫ్ అను విద్యుత్ కారు 2010 డిసెంబరులో జపానులోను, అమెరికాలోను అమ్మకమునకు వచ్చినది. దాని మొదటి నమూనాలోని బ్యాటరీ 24 యూనిట్ల విద్యుత్తును నిలువచేయును. మన ఇంటి మీటరు లెక్కించు యూనిటే ఇదియు. 5 అశ్వశక్తి గల బావి మోటారును ఈ విద్యుత్తుతో సుమారు ఐదు గంటలు నడపవచ్చును.

బ్యాటరీలో 192 లిథియం సెల్లులు కలవు. వీనిని రెండేసి జతకూర్చి, ఆ 96 జతలను వరుసగా కలిపినారు. ఒక్కొక్క జత ఇచ్చునది నాలుగు వోల్టులకు అటునిటు మాత్రమే. అన్నియు కలిసినప్పుడు 350 వోల్టులకు పైబడును. ఈ విద్యుత్తును ఇన్వర్టరు అను పరికరము తగినట్లు మార్చి మోటారునకు పంపును. బ్రేకు వేసినప్పుడు ఆ మోటారే జనరేటరుగా మారి, కొంత విద్యుత్తును తిరిగి బ్యాటరీకి చేర్చును. దీపములకు, లోపలి చిన్న కంప్యూటర్లకు వేరుగా 12 వోల్టుల బ్యాటరీ యున్నది. ఇది చచ్చుబడినచో పెద్ద బ్యాటరీ నిండుగా నున్నను కారు కదలదు.

వరుసలో ఒక జత బలహీనమైనచో మిగిలినవి ఎంత బలముగా నున్నను ప్రయోజనము లేదు. కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి అలసిన బండి నిలిచిపోవును గదా! అందుచేత ఒక కంప్యూటరు 96 జతల వోల్టేజిని, బ్యాటరీ వేడిమిని అనుక్షణము కొలుచుచుండును.

కారులోని దండోరా

కారులోని కంప్యూటర్లు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు రెండు సన్నని తీగెలు చాలును. ఈ పద్ధతిని జర్మనీ దేశపు బాష్ సంస్థ 1986లో వెల్లడించినది. ఇది ఊరిలో వేయు దండోరా వంటిది. ఒక కంప్యూటరు చెప్పినది అన్నియు వినును. తనకు పనికివచ్చు మాటను మాత్రము గ్రహించును. స్టీరింగు సమీపమున క్రిందుగా 16 పిన్నుల సాకెట్టు ఒకటి యున్నది. అచట తగిన పరికరమును తగిలించినచో యజమానియు ఆ దండోరాను వినవచ్చును.

వినబడునవి అంకెలే. ఏ అంకె దేనికి గుర్తో సంస్థ ప్రకటించలేదు. యజమానులు ఓర్పుతో కనిపెట్టిరి. ఒకసారి కారు నడపియు, ఒకసారి ఏసీ వేసియు, ఒకసారి చార్జింగు పెట్టియు, ఏ అంకె మారుచున్నదో వ్రాసికొనిరి. బ్యాటరీలో మిగిలిన విద్యుత్తును తెలుపు సంఖ్య ఈ విధముగనే దొరకినది. క్రొత్త కారు పూర్తిగా నిండినప్పుడు అది 281. ఒక్కొక్కటి సుమారు 80 వాట్ అవర్లు. అనగా మొత్తము 22 యూనిట్లకు పైగా. అటుపిమ్మట సెల్‌ఫోనులోనే 96 జతల వోల్టేజిని చూచుకొను సాధనములు వచ్చినవి.

గాదె నిండుట, గాదె చిన్నదగుట

ఈ సంఖ్య ఎందులకు అంత ముఖ్యము? గాదెను తలచుకొనుడు. గాదె నిండినదా అనునది ఒక ప్రశ్న. గాదెలో ఎన్ని పుట్లు పట్టును అనునది వేరొక ప్రశ్న. బ్యాటరీ పాతబడిన కొలది గాదె చిన్నదగును. చిన్న గాదె నిండినను నిండినట్లే కనబడును. కారు 100 శాతము అని చూపును. ప్రయాణదూరము మాత్రము తగ్గును.

గాదె పరిమాణమును తెలుపుటకు లీఫ్ కారులో 12 గీతలున్నవి. కాని మొదటి గీత పోవుటకు సుమారు 15 శాతము తరుగవలెను. అంతవరకు యజమానికి 12 గీతలే కనబడును. సాకెట్టువద్ద దొరకిన సంఖ్య ఈ మరుగును తొలగించినది.

అరిజోనా ఎండ

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఫీనిక్స్ నగరములో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. మొదటి లీఫ్ బ్యాటరీని చల్లార్చుటకు గాలినిగాని, ద్రవమునుగాని పంపు ఏర్పాటు లేదు. వేడిమిలో అనవసర రసాయనిక చర్యలు వేగిరపడి, విద్యుత్తును మోయవలసిన లిథియములో కొంత పనికిరాకుండ పోవును. 2012 వేసవిలో అచటి యజమానులకు గీతలు ఒక్కొక్కటిగ మాయమగుట కనబడినది. వారు కేవలము ఫిర్యాదు చేసి ఊరకుండలేదు. తమ అంకెలను ఒకచోట చేర్చిరి. 2012 సెప్టెంబరులో తమ కార్లను కలిపి నడపి దూరములను కొలిచిరి.

సంస్థయు ఏడు కార్లను పరీక్షించి, అవి రూపకల్పన ప్రకారమే పనిచేయుచున్నవని పేర్కొన్నది. అయినను 2012 డిసెంబరులో క్రొత్త హామీ ప్రకటించినది. అయిదు సంవత్సరములు లేక 60,000 మైళ్ళలోపు తొమ్మిది గీతలకంటె తగ్గినచో, అనగా సుమారు 70 శాతమునకు దిగినచో, బ్యాటరీని బాగుచేసియో మార్చియో ఇచ్చెదమనెను. అంతకుముందు అమ్మిన కార్లకును ఈ హామీ వర్తించినది. 2015 నమూనానుండి వేడిమికి ఎక్కువ తాళు బ్యాటరీ వచ్చినది. కొలిచి చెప్పిన మాటకుగల బలమిది.

మనము గ్రహింపవలసినది

రెంటచింతల, రామగుండము వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలకు పైబడుట మన మెరిగినదే. కావున వాహనమును నీడలో నిలుపవలెను. మండుటెండలో తిరిగి వచ్చిన వెంటనే చార్జింగు పెట్టక, బ్యాటరీ చల్లబడనీయవలెను. నూరు శాతము నింపి దినములతరబడి ఎండలో ఉంచరాదు.

కొనునప్పుడు హామీపత్రములో మూడు సంగతులు చూడవలెను: ఎన్ని సంవత్సరములు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత శాతమునకు దిగిన బ్యాటరీ మార్చెదరు. మూడవది లేని హామీ సగము హామీయే. పాత వాహనము కొనువారు చార్జింగు శాతము చూచి తృప్తిపడక, బ్యాటరీ ఎంత పట్టునో అధీకృత సర్వీసు కేంద్రమున కొలిపించి, వ్రాతమూలకముగ తీసికొనవలెను.

ఒక హెచ్చరిక. అంకెలు చదువుట వేరు, పెట్టె విప్పుట వేరు. కారులో నారింజరంగు తొడుగుగల తీగెలు ప్రాణము తీయగల విద్యుత్తును మోయును. కారు ఆపియున్నను వానిని ముట్టరాదు. 2022లో మన దేశమున కొన్ని విద్యుత్ స్కూటర్లు అగ్నికి ఆహుతియైన పిమ్మట కేంద్ర ప్రభుత్వము బ్యాటరీ భద్రతా నిబంధనలను కట్టుదిట్టము చేసినది. ఆ నిబంధనల ఫలము మనకు దక్కవలెనన్న, బ్యాటరీని శిక్షణ పొందినవారిచేతనే విప్పించవలెను.

గాదె ఎంత పట్టునో ఎరిగిన రైతు మోసపోడు. వాహనము విషయమునను అంతే.