విశ్రాంత జీవితంలో ఫోన్: పెద్దలకు ఏ యాప్‌లు అవసరం?



మా సంఘం కార్యాలయానికి వచ్చే పెద్దల్లో చాలామంది చేతుల్లో ఇప్పుడు మంచి ఫోన్లే ఉంటున్నాయి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపించింది కొందరిది. మనుమడు కొత్తది కొనుక్కుని వదిలేసింది కొందరిది. మన దాతల్లో ఎవరో సదఖాగా ఇచ్చింది మరికొందరిది. ఫోన్ వచ్చింది గానీ పక్కన కూర్చుని ఓపికగా చూపించే మనిషి రాలేదు. దాంతో ఏం జరుగుతోందంటే, కొందరు భయపడి కాల్ ఎత్తడానికి, టైము చూసుకోవడానికి తప్ప దాన్ని ముట్టుకోరు. మరికొందరు వచ్చిన ప్రతి లింకునూ నొక్కేస్తారు. మొదటివారికి దక్కాల్సిన సౌకర్యం దక్కడం లేదు. రెండోవారు జీవితమంతా కూడబెట్టుకున్నది పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారు.

ఉద్యోగ విరమణ చేసినవారికి, వయసు మీదపడినవారికి నిజంగా పనికొచ్చే యాప్‌లు ఏవి, వాటిలో ఏం జాగ్రత్త పడాలి అన్నది మాకు తెలిసినంత వరకు ఇక్కడ చెబుతాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం. పెద్దలకు ఎనిమిదో పదో యాప్‌లు చాలు. కానీ వాటి తాళం వారి చేతిలోనే ఉండాలి, కొడుకు చేతిలోనో సెల్ దుకాణం కుర్రాడి చేతిలోనో కాదు.

ముందు పెన్షన్ సంగతి. బతికే ఉన్నామని ఏటా రుజువు చూపించుకోవడానికి బ్యాంకు ముందు గంటల తరబడి నిలబడే రోజులు చాలావరకు పోయాయి. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైంది. అప్పట్లో వేలిముద్ర వేయాల్సి వచ్చేది. ఏళ్ల తరబడి కుట్టుమిషను మీద, బీడీ ఆకు మీద, ఇసుక సిమెంటు మధ్య పనిచేసిన వేళ్ల ముద్రలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం వాటిని గుర్తుపట్టేది కాదు. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి ధ్రువపత్రం ఇచ్చే వీలు వచ్చింది. ఇందుకు ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెండు యాప్‌లు ఉండాలి. ఒకటి జీవన్ ప్రమాణ్, రెండోది ఆధార్ ఫేస్ ఆర్‌డీ. ఆధార్ నంబరు, పీపీఓ నంబరు, పెన్షన్ పడే ఖాతా నంబరు దగ్గర పెట్టుకోవాలి. మొదట 'ఆపరేటర్' ముఖం అడుగుతుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఆపరేటర్ అంటే ఎవరో అధికారి కాదు, ఆ ఫోన్‌తో పని చేయించే మనిషి. అది కొడుకైనా కావచ్చు, పెన్షనరే స్వయంగా కూడా కావచ్చు. ఆ తర్వాత పెన్షనరు వివరాలు నింపి, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని, కళ్లు ఒకసారి ఆర్పితే చాలు. ప్రమాణ్ ఐడీ మెసేజ్‌గా వస్తుంది.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఈ పని నవంబరులో చేస్తారు. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే చేయవచ్చు. పీఎఫ్ పెన్షన్ తీసుకునేవారికి నెల పట్టింపు లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లు తమ గడువు ట్రెజరీలో అడిగి తెలుసుకోవాలి. ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. "లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని పెన్షన్ కార్యాలయం నుంచి ఎవరూ ఫోన్ చేయరు. చేసినవాడు దొంగే.

ఇక డబ్బు చెల్లింపులు. యూపీఐ 2016లో వచ్చింది. ఇప్పుడు అరటిపండ్ల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ కనిపిస్తోంది. చిల్లర గొడవ లేదు, జేబులో నోట్లు పెట్టుకుని బజారుకు వెళ్లే భయం లేదు. పెద్దలకు ఇది పనికిరాదని అనేవారితో మేము ఏకీభవించం. కాకపోతే ఏర్పాటు వేరుగా ఉండాలి. పెన్షన్ పడే ఖాతాను, ఫిక్స్‌డ్ డిపాజిట్లున్న ఖాతాను యూపీఐకి కలపవద్దు. ఇంకో చిన్న ఖాతా తెరిచి, అందులో నెల ఖర్చులకు సరిపడా మాత్రమే వేసుకుని, దాన్నే ఫోన్‌కు కలపండి. ఏదైనా జరగరానిది జరిగినా పోయేది ఆ కొంచెమే. టీ, కూరగాయల వంటి చిన్న చెల్లింపులకు యూపీఐ లైట్ ఉంది. దానికి ప్రతిసారీ పిన్ కొట్టనక్కర్లేదు, అందులో నిలవ ఉంచుకోగలిగేది కూడా కొద్ది మొత్తమే.

పిన్ విషయంలో చాలామందికి ఒక్కటే తెలియదు. పిన్ అనేది డబ్బు ఇవ్వడానికి మాత్రమే. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. "చాచా, మీకు స్కీమ్ డబ్బులు వచ్చాయి, పిన్ కొడితే ఖాతాలో పడతాయి" అని ఎవరైనా అంటే, అక్కడికక్కడ ఫోన్ పెట్టేయండి.

ఇంట్లో ఖాతా లేని అమ్మీకో, నానీకో చెల్లింపులు చేసే వీలు కల్పించాలనుకుంటే 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ చూడండి. ఒకరి ఖాతా నుంచి మరొకరు ఖర్చు పెట్టుకోవచ్చు. ప్రతి చెల్లింపుకూ ఖాతాదారు అనుమతి అడిగేలా పెట్టుకోవచ్చు, లేదంటే నెలకు 15,000 రూపాయలకు మించకుండా హద్దు పెట్టి వదిలేయవచ్చు. దీనివల్ల పిన్ ఒకరికొకరు చెప్పుకునే అవసరం తప్పుతుంది. ఈ సంగతి మీద మేము ఎందుకింత పట్టుపడుతున్నామంటే, భర్త పోయిన స్త్రీల ఫోన్లు, కార్డులు, పిన్‌లు అన్నీ బంధువుల దగ్గర ఉండటం తరచూ చూస్తున్నాం. సంఘం తరఫున ఆ తల్లి ఖాతాలో వేసిన సాయం ఆమె చేతికి అందిందా లేదా అన్నది ఆమెకే తెలియదు. దాతలుగా మీరు ఆలోచించాల్సిన విషయం ఇది.

మోసాల గురించి కొంచెం విడిగా చెప్పాలి. ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నవాటిలో ఒకటి పెళ్లి పత్రిక. వాట్సాప్‌లో తెలిసినవారి నంబరు నుంచే 'శుభలేఖ' వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అని ఉంటుంది. అది పత్రిక కాదు, యాప్. నొక్కితే 'ఇన్‌స్టాల్ చేయాలా' అని అడుగుతుంది. ఫొటో గానీ, పత్రిక గానీ ఎప్పుడూ ఇన్‌స్టాల్ అవ్వమని అడగదు. అది ఫోన్‌లోకి చేరితే మీకొచ్చే ఓటీపీలన్నీ వేరొకరు చదువుతారు, మీ నంబరు నుంచి మీ బంధువులందరికీ అదే పత్రిక వెళుతుంది. ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ పేర్లతో కూడా ఇదే పని జరుగుతోంది. యాప్ ఏదైనా ప్లే స్టోర్ నుంచే తీసుకోండి. ఫోన్ తెర మొత్తం అవతలివారికి కనిపించేలా చేసే యాప్‌లను, తెలియనివారు చెబితే అసలు పెట్టుకోవద్దు.

రెండోది 'డిజిటల్ అరెస్ట్'. పోలీసు దుస్తుల్లో ఒకడు వీడియో కాల్‌లోకి వచ్చి, మీ పేరు మీద పార్శిల్‌లో మత్తు పదార్థాలు దొరికాయనో, మీ ఖాతాలోకి ఉగ్రవాదుల డబ్బు వచ్చిందనో బెదిరిస్తాడు. మన పెద్దలు ఈ రెండో మాటకు మరీ హడలిపోతారు, ఎందుకో చెప్పనక్కర్లేదు. ఎవరికీ చెప్పవద్దని, గదిలోంచి కదలవద్దని అంటాడు. వీడియో కాల్‌లో అరెస్టు చేయడమన్నది మన దేశ చట్టంలో ఎక్కడా లేదు. కాల్ కట్ చేసి, ఇంట్లోవారిని పిలవండి, మస్జిద్‌లో నలుగురికి చెప్పండి. వాడి ఆయుధమల్లా మనం ఒంటరిగా ఉండటమే.

డబ్బు పోయినట్టు తెలిస్తే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయాలి. రేపు బ్యాంకు తెరిచాక చూద్దాం అనుకుంటే డబ్బు చేతులు మారిపోతుంది. త్వరగా చెబితే మధ్యలో ఏదో ఒక ఖాతాలో దాన్ని ఆపగలిగే అవకాశం ఉంటుంది. ఫోన్ పోతే దాన్ని పనిచేయకుండా ఆపించడానికి, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవడానికి సంచార్ సాథీ ఉంది. 2023లో వెబ్‌సైటుగా మొదలై, 2025 జనవరిలో యాప్‌గా కూడా వచ్చింది.

నమాజు వేళల యాప్ దాదాపు ప్రతి ఫోన్‌లో ఉంటుంది. కానీ దాన్ని సరిచేసి ఇచ్చినవారు తక్కువ. అస్ర్ వేళ మస్జిద్ కంటే చాలా ముందుగా చూపిస్తోందని కొందరు యాప్‌నే అనుమానిస్తారు. తప్పు యాప్‌ది కాదు. హనఫీ పద్ధతిలో వస్తువు నీడ రెండింతలైనప్పటి నుంచి అస్ర్ లెక్కిస్తారు, షాఫయీ పద్ధతిలో ఒక ఇంత అయినప్పటి నుంచి. చాలా యాప్‌లు రెండో లెక్కతో మొదలవుతాయి. సెట్టింగుల్లో 'హనఫీ' ఎంచుకుంటే సరిపోతుంది. ఫజ్ర్, ఇషాలకు కరాచీ పద్ధతి అన్నది ఎంచుకుంటే మన ప్రాంతపు పట్టికలకు దగ్గరగా వస్తుంది. కిబ్లా చూపే సూచిక ఇనుప బీరువా పక్కన, అయస్కాంతం ఉన్న కవరులో తప్పు చూపుతుంది. హైదరాబాదు నుంచి కిబ్లా సరిగ్గా పడమర కాదు, అక్కడి నుంచి కాస్త ఉత్తరానికి జరిగి ఉంటుంది. యాప్ దక్షిణం వైపు చూపిస్తుంటే ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి మళ్లీ చూడండి.

ఇంకో జాగ్రత్త. కోట్లమంది వాడే ముస్లిమ్ ప్రో యాప్ నుంచి వాడకందారులు ఎక్కడెక్కడ ఉన్నారన్న సమాచారం ఒక వ్యాపార సంస్థ ద్వారా అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్ల వరకు చేరిందని 2020 నవంబరులో వార్తలు వచ్చాయి. ఆ వ్యాపార సంస్థతో సంబంధం తెంచుకుంటున్నామని అప్పుడు యాప్ వారు ప్రకటించారు. మనం చేయగలిగింది ఒకటుంది. ఏ యాప్‌కైనా లొకేషన్ అనుమతి 'వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెట్టండి. నమాజు వేళలకైతే ఊరి పేరు చేత్తో ఎంచుకుంటే లొకేషన్ అవసరమే ఉండదు.

హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారికి 2024లో వచ్చిన హజ్ సువిధా యాప్‌లో విమానం, బస, సామాను వివరాలతో పాటు ఆపదలో సాయం కోరే వీలు ఉంది. మదీనాలో రౌజా దర్శనానికి సౌదీ వారి నుసుక్ యాప్‌లో అనుమతి తీసుకోవాలి. బయలుదేరే ముందే ఈ రెండూ ఇంట్లో నేర్చుకోండి, అక్కడి జనసమ్మర్దంలో నేర్పేవారు దొరకరు.

వైద్యానికి సంబంధించి ఒక్కటి తప్పక చేయండి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. 2024 అక్టోబరులో మొదలైంది. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్‌తో నమోదు చేసుకోవచ్చు. ఆసుపత్రిలో చేరే ముందు ఆ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో అడగడం మరవద్దు. ఇంటి నుంచే ఉచితంగా డాక్టరుతో మాట్లాడటానికి ఈ-సంజీవని ఉంది. ఆపదకు 112, పెద్దల సమస్యలకు 14567. ఈ రెండు నంబర్లను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఫోన్ చార్జింగ్ లేనప్పుడు పనికొచ్చేది గోడే.

బస్సు ఎక్కడుందో చూడటానికి తెలంగాణలో గమ్యం, ఆంధ్రలో లైవ్ ట్రాక్ ఉన్నాయి. ఎండలో స్టాపులో నిలబడే బాధ తగ్గుతుంది.

ఇన్ని పనుల మధ్య కాలక్షేపాన్ని చిన్నచూపు చూడకూడదు. రిటైరైన మనిషికి అన్నిటికంటే బరువైంది మధ్యాహ్నం. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో తెలుగు ఆకాశవాణి కేంద్రాలు, వివిధ భారతి, ఉర్దూ సర్వీసు అన్నీ వినవచ్చు. షాయరీ ఇష్టమున్నవారికి రేఖ్తా ఒక ఖజానా. కుర్‌ఆన్‌ను అరబీ మూలంతో, తెలుగు అనువాదంతో, కావలసినంత పెద్ద అక్షరాల్లో చదువుకోవచ్చు. చదువు రాని పెద్దమ్మలకు వాట్సాప్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడటం నేర్పండి. ఒకప్పుడు ఉత్తరం రాయించుకోవడానికి పొరుగింటికి వెళ్లి ఇంటి గుట్టంతా చెప్పుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ అవసరం లేదు. దుబాయ్‌లో ఉన్న పిల్లలతో వాట్సాప్ కాల్ కలవదు, అక్కడ అనుమతి లేదు. అందుకే మన ఊళ్లలో అంతమంది ఫోన్లలో బోటిమ్ ఉంటుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది. మనకు అంతకుముందు నుంచే నిషేధం ఉందనుకోండి.

చివరగా, దాతలతో రెండు విషయాలు. రమజాన్‌లో జబ్బుపడిన పసివాడి ఫొటోతో, పక్కన క్యూఆర్ కోడ్‌తో మెసేజ్‌లు తిరుగుతాయి. అసలు మెసేజ్‌లోని కోడ్ తీసేసి తమది అంటించేవారు ఉన్నారు. స్కాన్ చేశాక, పిన్ కొట్టేముందు తెర మీద కనిపించే పేరు చదవండి. అది సంస్థ పేరో, ఆసుపత్రి పేరో కాకుండా ఎవరో వ్యక్తి పేరైతే ఆగి కనుక్కోండి. మా సంఘానికి పంపేటప్పుడు కూడా ఇలాగే చూడండి, మేమేమీ అనుకోం.

రెండోది, పాత ఫోన్లు ఇచ్చేటప్పుడు మీ సమాచారం పూర్తిగా చెరిపేసి, చార్జరుతో సహా ఇవ్వండి. కంపెనీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌ను బ్యాంకు పనులకు ఇవ్వకుండా రేడియోకు, కుర్‌ఆన్ వినడానికి విడిగా కేటాయిస్తాం. ఫోన్‌తో పాటు నెలకు ఒక గంట మీ సమయం కూడా ఇవ్వగలిగితే మరీ మంచిది. ముఖ్యంగా సోదరీమణులు కావాలి, ఎందుకంటే మగ వాలంటీర్లను అడగడానికి మన తల్లులు మొహమాటపడుతున్నారు. వచ్చే పెద్దలు తమ ఫోన్, ఆధార్‌కు కలిపిన నంబరున్న సిమ్, పీపీఓ నకలు తెచ్చుకుంటే చాలు. పిన్ మాత్రం మాకు కూడా చెప్పవద్దు. వారు పిన్ కొట్టేటప్పుడు మన వాలంటీర్లు మొహం పక్కకు తిప్పుకుంటారు.