ఆకురాలే కాలం ఫొటోలా? అక్టోబర్‌లో కాదు, హోలీ ముందు రండి

దసరా దాటిందంటే చాలు, ఇన్‌స్టాలో ఎర్రటి చెట్ల రీల్స్ మొదలైతయి. కాశ్మీర్‌లో చినార్లు, జపాన్‌లో మేపుల్ చెట్లు. అవి చూసి మన తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతరు: "అన్నా, మన దిక్కు ఇట్లాంటి సీజన్ ఉండదా? అక్టోబర్‌లో ఆదిలాబాద్ అడవికి పోతే దొరుకుతదా?" సీజన్ ఉంటది. కానీ అక్టోబర్‌లో దొరకదు. అప్పుడు మన అడవి ఇంకా పచ్చగనే ఉంటది. బస్సు పైసలు, రూమ్ పైసలు పెట్టుకొని వచ్చి పచ్చటి చెట్లు చూసి పోవద్దు కదా. అందుకే ఎప్పుడు రావాలె, ఎటు పోవాలె, ఫోన్‌తో ఎట్ల తీయాలె, అన్నీ ఈ ఎపిసోడ్‌లో చెప్తా.

ముందు పేరు సంగతి. ఆటమ్ అనే మాటకు మనం శరదృతువు అని రాసుకుంటం. శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం. మనకది బతుకమ్మ కాలం. చెరువులు నిండి, తంగేడు, గునుగు పూసే రోజులు. ఆకులు రాలేది శిశిరంలో, అంటే మాఘం, ఫాల్గుణం. ఇంగ్లిష్ నెలల్లో చెప్పాలంటే సుమారుగా జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా. మాటను తర్జుమా చేసుకుంటే నెల తప్పిపోతది.

ఎందుకిట్ల? చలి దేశాల్లో పొద్దు తగ్గి, చలి ముదిరితే చెట్టు ఆకు వదిలేస్తది. మన దగ్గర చలి కంటే నీళ్లే అసలు కారణం. వానలు పోయినంక నేలలో తడి తగ్గుకుంట వస్తది. టేకు ఆకు ఎంత పెద్దగుంటదో తెలుసు కదా, దానిలోంచి నీరు ఆవిరైతనే ఉంటది. ఆ ఖర్చు తప్పించుకునుడానికే చెట్టు ఆకులు రాలుస్తది. రాలే ముందు ఆకుపచ్చ రంగు విరిగిపోయి, లోపల దాగిన పసుపు బయటపడ్తది, తర్వాత గోధుమ రంగు. వాగు పక్కన తడి ఎక్కువ రోజులుంటది కాబట్టి అక్కడి చెట్టు ఆలస్యంగా రాలుస్తది. గుట్ట మీది చెట్టు ముందే మోడైతది. ఒకే ట్రిప్పులో పసుపు ఆకు, మోడు కొమ్మ రెండూ దొరికేది అందుకే.

ఎరుపు సంగతి వేరే. మన అడవిలో ఎరుపు ఎక్కువగా పువ్వులు తెస్తయి. ఆకులు రాలిన కొమ్మ మీద మోదుగు పూస్తది. మా దిక్కు మోత్కు అంటరు. దూరం నుంచి చూస్తే చెట్టుకు నిప్పంటుకున్నట్టే ఉంటది. బూరుగు ఎర్రగ, కొండగోగు పచ్చటి పసుపు రంగులో పూస్తయి. మార్చిలో రావి చెట్టుకు రాగి రంగు చిగుళ్లు వస్తయి. ఇవన్నీ ఒక్కచోట కలవాలంటే హోలీకి ముందు రెండు వారాలు చూసుకోండి. మోదుగు పూలు ఉడకబెట్టి హోలీ రంగు చేసేటోళ్లు, గుర్తుంది కదా? ఆ పండుగే మీ క్యాలెండర్.

ఇక రూటు. రెండు రోజులు చాలు. పెద్దపల్లికి కాజీపేట, బల్హార్షా లైన్ మీద రైలు ఉంది, హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి కూడా ఉంది. మొదటి రోజు పొద్దుగాల రామగిరి ఖిల్లా. చీకటి పోయినంకనే ఎక్కుడు మొదలుపెట్టండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. పైకెక్కితే కింద అడవి రంగులు మారుడు కనపడ్తది. పది గంటలకు దిగిపోవాలె, తర్వాత ఎండ ముదురుతది. సాయంత్రం గోదావరిఖని దాటి గోదావరి ఒడ్డుకు పోండి. రాత్రి మంచిర్యాలలో ఉండండి.

రెండో రోజు తెల్లారక ముందే బయలుదేరి లక్సెట్టిపేట, దండేపల్లి మీదుగా జన్నారం. అక్కడిది కవ్వాల్ అడవి, 2012లో టైగర్ రిజర్వ్ అయ్యింది. టేకు చెట్ల మీద పొద్దు పొడుపు చూడాలంటే ఇదే జాగ. కానీ లోపలికి సొంతంగ నడిచి పోవద్దు. అటవీ శాఖ అనుమతించిన సఫారీలోనే పోవాలె. సీజన్‌లో ఏయే దారులు తెరిచి ఉన్నయో బయలుదేరే ముందు కనుక్కోండి. అనుమతి దొరకకపోయినా బాధ లేదు. మోదుగు అడవిలోనే కాదు, పొలం గట్ల మీద, చెరువు కట్టల కింద కూడా ఉంటది.

ఫోన్‌తో తీసుడు. మార్చి మొదట్లో పొద్దు ఆరున్నర ప్రాంతంలో పొడుస్తది. అక్కడి నుంచి గంటన్నర, సాయంత్రం పొద్దు గూకే ముందు గంట, ఇవే మంచి టైములు. టేకు ఆకును సూర్యుడికి ఎదురుగ నిలబడి తీయండి, వెలుగు ఆకులోంచి వస్తే ఈనెలు కనపడ్తయి. మోదుగు అయితే సూర్యుణ్ని వెనక పెట్టుకొని, కింద నుంచి నీలి ఆకాశం వచ్చేటట్టు తీయండి. పువ్వు మీద ట్యాప్ చేసి వెలుతురు కొంచెం తగ్గించండి, లేకుంటే ఆ కాషాయం రంగు ముద్దయిపోతది, రేకులు విడిగ కనపడవు. జూమ్ వద్దు, దగ్గరికి నడవండి. గోరింకలు తేనె కోసం వస్తయి, ఓపికతో ఆగితే ఫ్రేమ్‌లోకి అవే వస్తయి. ఇప్పపువ్వు ఏరేటోళ్లు, గూడేలోళ్లు కనపడితే అడిగినంకనే ఫొటో తీయండి. వద్దంటే వద్దు.

ఇప్పుడు అసలు మాట. మనం చూడబోయే రాలిన ఆకే, ఆ అడవికి కట్టె కంటే తొందరగ అంటుకునే సరుకు. ఫిబ్రవరి నుంచి మే దాకా అడవి మంటల కాలం. ఎండిన టేకాకు మీద ఒక్క బీడీ ముక్క పడితే గాలికి గుట్టంతా పాకుతది. నేల మీది గుడ్లు, పాములు, అప్పుడే మొలిచిన మొక్కలు తప్పించుకోలేవు. మళ్లీ ఏడు మనం ఫొటో తీయాల్సిన చెట్టు కూడా ఆ మొక్కల్లోనే ఉండొచ్చు. కాబట్టి చలిమంట వద్దు, అడవిలో వంట వద్దు, రీల్ కోసం స్మోక్ బాంబులు అసలే వద్దు. ఎండుటాకుల మీద బండి ఆపకండి, సైలెన్సర్ వేడి చాలు. పొగ కనపడితే వీడియో తర్వాత, ముందు దగ్గర్లోని అటవీ సిబ్బందికి చెప్పండి.

హోలీ తారీఖు చూసుకోండి, రెండు వారాలు వెనక్కి లెక్కేసి టికెట్ చేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో వానాకాలం జలపాతాల గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.