నిమిషంలో కోడిగుడ్డు అల్పాహారం.. ఆదమరిస్తే అపాయం
డబ్బా సొన కంటే పెంకులోని గుడ్డే మేలు

తణుకు: ఉదయం వేళ ప్రతి ఇంటా గడియారంతోనే పోటీ. పిల్లలకు బడి బస్సు, పెద్దలకు కార్యాలయం, దూరప్రాంత విద్యార్థులకు మొదటి రైలు. ఇడ్లీ పిండి సిద్ధంగా లేని నాడు చాలామంది ఖాళీ కడుపుతోనే గడప దాటుతున్నారు. ఒకప్పుడు నగరాల్లోని అపార్టుమెంట్లకే పరిమితమైన మైక్రోవేవ్ ఓవెన్ ఇప్పుడు చిన్న పట్టణాల వంటిళ్లకూ చేరింది. దీంతో రెండు నిమిషాల్లో సిద్ధమయ్యే కోడిగుడ్డు అల్పాహారంపై ఆసక్తి పెరిగింది. అయితే ఇక్కడే రెండు సందేహాలు తలెత్తుతున్నాయి. ఓవెన్‌లో గుడ్డు వండడం క్షేమమేనా? డబ్బాల్లో అమ్మే తెల్లసొన, గుడ్డు పొడి వంటివి అసలు గుడ్డుకు సాటి వస్తాయా? గుడ్ల ఉత్పత్తిలో దేశానికే పెద్దపీట వేసిన రాష్ట్రంలో ఈ రెండింటికీ సమాధానం తెలుసుకోవడం అవసరం. కేంద్ర పశుసంవర్ధక శాఖ లెక్కల ప్రకారం 2022-23లో దేశంలో 13,838 కోట్ల గుడ్లు ఉత్పత్తి కాగా, అందులో 20.13 శాతం ఆంధ్రప్రదేశ్‌వే.

అలలతో వంట ఎలా?

మైక్రోవేవ్ ఓవెన్‌లో మంట ఉండదు. 2,450 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల విద్యుదయస్కాంత తరంగాలు ఆహారంలోని నీటి అణువులను అటూ ఇటూ వేగంగా తిప్పుతాయి. ఆ కదలిక వల్లనే వేడి పుడుతుంది. ఈ తరంగాలకు అణువులను చీల్చే శక్తి లేదు. కనుక వండిన పదార్థంలో కిరణాలు మిగిలిపోతాయన్న భయం అనవసరం. తలుపు తెరిచినా, యంత్రం ఆగినా తరంగాలూ ఆగిపోతాయి.

ఈ విధానాన్ని 1945లో అమెరికాలోని రేథియాన్ సంస్థ ఇంజినీరు పెర్సీ స్పెన్సర్ కనుగొన్నారు. రాడార్ పరికరం దగ్గర నిలబడగా జేబులోని మిఠాయి కరిగిపోవడం ఆయనలో ఆలోచన రేపిందని చెబుతారు. ఆ తర్వాత జరిపిన తొలి ప్రయోగాల్లోనే ఒక కోడిగుడ్డు పేలి సహచరుడి ముఖంపై చిమ్మిందనీ ప్రచారంలో ఉంది. ఎనభై ఏళ్లు గడిచినా ఆ హెచ్చరిక నేటికీ వర్తిస్తుంది.

గుడ్డు ఎందుకు పేలుతుంది?

గుడ్డులో నాలుగింట మూడు వంతులు నీరే. పొయ్యి మీద ఉడికించేటప్పుడు వేడి పెంకు నుంచి లోపలికి నెమ్మదిగా చేరుతుంది. చుట్టూ ఉన్న నీరు మరుగుతున్నంత సేపూ గుడ్డు వేడి 100 డిగ్రీలు దాటదు. ఓవెన్‌లో ఆ కట్టుబాటు లేదు. తరంగాలు నేరుగా లోపలి నీటినే వేడి చేస్తాయి. పుట్టిన ఆవిరికి పెంకు దారి ఇవ్వదు. ఒత్తిడి పెరిగి గుడ్డు బద్దలవుతుంది.

పెంకు ఒలిచిన ఉడికిన గుడ్డుకు ఈ బెడద ఉండదని పలువురు భావిస్తారు. అది పొరపాటు. గట్టిపడిన పచ్చసొనలో సూక్ష్మమైన నీటి బిందువులు చిక్కుకుని ఉంటాయి. అవి మరుగు స్థానాన్ని దాటినా మరగకుండా నిలిచి, చెంచా గుచ్చినప్పుడో, పంటితో కొరికినప్పుడో ఒక్కసారిగా ఆవిరిగా మారతాయి. 2017లో అమెరికాలో ధ్వనిశాస్త్ర నిపుణులు దాదాపు వంద ఉడికిన గుడ్లను ఓవెన్‌లో వేడి చేసి పరీక్షించారు. లోపల చెక్కుచెదరకుండా నిలిచిన వాటిలో సుమారు మూడో వంతు బయటకు తీసి పొడవగానే పేలాయి. అడుగు దూరంలో నమోదైన శబ్దం 86 నుంచి 133 డెసిబెల్స్ వరకు ఉంది. శబ్దం మాట ఎలా ఉన్నా, మరుగుతున్న సొన కంట్లో, నోట్లో పడితే కలిగే గాయం చిన్నది కాదు.

మన ఇళ్లలో ఈ ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్నది రాత్రి మిగిలిన కోడిగుడ్డు పులుసులో. గుడ్లను అలాగే ఉంచి గిన్నెను ఓవెన్‌లో పెట్టడం క్షేమం కాదు. గుడ్డు బిర్యానీకీ ఇదే వర్తిస్తుంది. గుడ్లను తీసి నాలుగు ముక్కలుగా కోసిన తర్వాతే వేడి చేయాలి. లేదా పులుసు మాత్రమే వేడి చేసి గుడ్లను అందులో వేసుకోవాలి.

ఒక కప్పు.. ఒక గుడ్డు

ఓవెన్‌కు అన్నిటికన్నా అనువైనది గిలకొట్టిన గుడ్డు. సొన కలిసిపోవడంతో ఆవిరి బయటకు వెళ్లేందుకు వీలుంటుంది. పింగాణీ లేదా ఓవెన్‌కు పనికొచ్చే గాజు కప్పు లోపల కొద్దిగా నూనె రాయాలి. గుడ్డు కొట్టి పోసి, రెండు చెంచాల పాలు లేదా నీళ్లు, చిటికెడు ఉప్పు, పసుపు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి బాగా గిలకొట్టాలి. 800 వాట్ల ఓవెన్‌లో 40 సెకన్లు ఉంచి, బయటకు తీసి కలపాలి. అంచుల్లో గట్టిపడి నడుమ పలుచగా ఉండడం సహజం. మరో 20 నుంచి 30 సెకన్లు ఉంచితే పొరటు సిద్ధమవుతుంది. ఆపై ఒక నిమిషం కదపకుండా ఉంచాలి. లోపలి వేడి సర్దుకుని, మిగిలిన పచ్చి కూడా ఉడికిపోతుంది. సొన పొంగుతుంది కనుక కప్పు సగానికి మించి నింపరాదు.

గుడ్డును గిలకొట్టకుండా నీళ్లలో వండుకునే వారు అరకప్పు నీళ్లలో గుడ్డు కొట్టి వేసి, పచ్చసొనను ఫోర్కుతో రెండు మూడు చోట్ల తప్పనిసరిగా గుచ్చాలి. పైన చిన్న పళ్లెం మూసి 50 సెకన్లు ఉంచితే సరిపోతుంది. గుచ్చడం వల్ల ముప్పు తగ్గుతుందే కానీ పూర్తిగా తొలగదు. కనుక పిల్లలకు ఈ పద్ధతి అప్పగించరాదు.

ఓవెన్ వేడి అంతటా ఒకే తీరుగా ఉండదు. ఒకచోట ఉడికి మరొకచోట పచ్చిగా మిగిలితే సాల్మొనెల్లా సూక్ష్మజీవి బతికి ఉండే అవకాశం ఉంది. తెలుపు, పసుపు రెండూ గట్టిపడే వరకూ, అంటే సుమారు 71 డిగ్రీలకు చేరే వరకూ ఉడికించడమే రక్షణ. గర్భిణులు, పసివారు, వృద్ధుల విషయంలో ఇది మరింత ముఖ్యం.

పచ్చసొనపై అపవాదు ఇలా..

గుడ్డు తినేవారిలో పచ్చసొనను పక్కన పెట్టే అలవాటు కొత్తది కాదు. 1968లో అమెరికా హృద్రోగ సంఘం వారానికి మూడు పచ్చసొనలకు మించరాదని సూచించింది. ఆహారం ద్వారా కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాముల లోపే ఉండాలన్నది నాటి లెక్క. ఒక్క గుడ్డులోనే సుమారు 185 మిల్లీగ్రాములు ఉండడంతో పచ్చసొన దోషిగా నిలిచింది. ఈ భయం నుంచే 1970లలో ఆ దేశంలో గుడ్డుకు ప్రత్యామ్నాయాలు అంగళ్లకు వచ్చాయి. తెల్లసొనకు రంగు, చిక్కదనానికి జిగురు పదార్థాలు, పోయిన విటమిన్లకు బదులు కృత్రిమ విటమిన్లు చేర్చి డబ్బాల్లో అమ్మారు.

కాలక్రమంలో అభిప్రాయం మారింది. శరీరానికి కావలసిన కొలెస్ట్రాల్‌లో అధిక భాగాన్ని కాలేయమే తయారు చేస్తుందనీ, చాలామందిలో రక్తంలోని కొలెస్ట్రాల్‌ను గుడ్డు కంటే నెయ్యి, వెన్న, వనస్పతి వంటి కొవ్వులే ఎక్కువగా పెంచుతాయనీ తేలింది. 1999లో సుమారు 1.18 లక్షల మందిపై వెలువడిన అధ్యయనం ఆరోగ్యవంతులు రోజుకొక గుడ్డు తిన్నా గుండెజబ్బు ముప్పు పెరిగినట్లు కనబడలేదని తెలిపింది. 2015-20 కాలానికి ఉద్దేశించిన అమెరికా ఆహార మార్గదర్శకాల్లో 300 మిల్లీగ్రాముల పరిమితిని తొలగించారు.

అంతమాత్రాన ఎన్నయినా తినవచ్చని కాదు. అదే 1999 అధ్యయనంలో మధుమేహం ఉన్నవారిలో ముప్పు పెరిగే సూచన కనిపించింది. 2019లో దాదాపు 30 వేల మంది వివరాలు పరిశీలించిన మరో అధ్యయనం గుడ్ల సంఖ్య పెరిగే కొద్దీ గుండెజబ్బు ముప్పు కొంత పెరిగిందని పేర్కొంది. మధుమేహం, గుండెజబ్బు, అధిక కొలెస్ట్రాల్ ఉన్నవారు వైద్యుని అడిగి పచ్చసొన పరిమితి నిర్ణయించుకోవడం మంచిది. మిగిలిన వారు రోజుకొక గుడ్డు విషయంలో కలత చెందవలసిన పని లేదు.

డబ్బాలో ఉన్నదేమిటి?

మార్కెట్లో దొరికే ప్రత్యామ్నాయాలు మూడు రకాలు. మొదటిది శుద్ధి చేసిన ద్రవ సొన. సూక్ష్మజీవులు నశించేలా ఒక మోస్తరుగా వేడి చేసి డబ్బాల్లో నింపుతారు. పెంకు కొట్టే శ్రమ ఉండదు. రెండోది గుడ్డు పొడి. సొనలోని నీటిని తొలగించి తయారు చేస్తారు. నిల్వకు, రవాణాకు అనువు. తమిళనాడులోని ఈరోడ్ ప్రాంతం నుంచి ఇది విదేశాలకూ ఎగుమతి అవుతోంది. బేకరీలకు, మయోనీజ్ తయారీకి ఇది ప్రధాన ముడిసరుకు. మూడోది గుడ్డే లేని శాకాహార ద్రవం. 2018లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన అటువంటి సరుకు ఒకటి పెసల మాంసకృత్తులతో తయారైనది. పెసరట్టు తినే మనకు పెసల బలం ఒకరు చెప్పవలసినది కాదు. శాకాహారులు పెసరట్టుతోనే ఆ లోటు తీర్చుకోవచ్చు.

ఇక లెక్క చూద్దాం. సుమారు 50 గ్రాముల గుడ్డు సొనలో మాంసకృత్తులు 6 గ్రాములకు పైబడి ఉంటాయి. శక్తి సుమారు 70 కేలరీలు. ఆ మాంసకృత్తుల్లో సుమారు 2.7 గ్రాములు పచ్చసొనలోనివే. విటమిన్ ఎ, డి, ఇనుము, మెదడు ఎదుగుదలకు తోడ్పడే కోలిన్, కంటికి మేలు చేసే ల్యూటిన్ దాదాపుగా పచ్చసొనలోనే ఉన్నాయి. బి12లోనూ అధిక భాగం దానిదే. పచ్చసొన పారేసిన పిల్లవాడు సగం గుడ్డు కాదు, అసలు సారమే పారేసినట్లు.

ఖర్చు పోల్చుకోవడమూ తేలికే. తెల్లసొన 100 గ్రాముల్లో సుమారు 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రెండు గుడ్లలో 12 గ్రాములకు పైగా లభిస్తాయి. అంటే 100 గ్రాముల డబ్బా సొన ధర రెండు గుడ్ల ధర కంటే ఎక్కువైతే, ఎక్కువ చెల్లించి తక్కువ పొందినట్లే. డబ్బా వెనుక పదార్థాల జాబితాలో బరువు ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. అది చదివిన తర్వాతే కొనాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు సైతం అతిగా శుద్ధి చేసిన ఆహారాన్ని తగ్గించాలనే సూచిస్తున్నాయి. ద్రవ సొనకు ప్రయోజనమే లేదనలేం. వందల మందికి వండే వంటశాలలకు, వైద్యుడు పచ్చసొన వద్దన్న రోగులకు అది ఉపయోగపడుతుంది. మామూలు ఇంటికి మాత్రం గుడ్డే చాలు.

పచ్చిగా తాగవద్దు

వ్యాయామశాలలకు వెళ్లే యువకుల్లో కొందరు పచ్చి గుడ్లు గ్లాసులో కొట్టుకుని తాగుతుంటారు. ఇందులో లాభం లేదు. 1998లో బెల్జియం పరిశోధకులు ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులు 91 శాతం జీర్ణమైతే, పచ్చి గుడ్డులోనివి 51 శాతమే జీర్ణమవుతున్నట్లు గుర్తించారు. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి అందనీయదు. ఉడికిస్తే ఆ దోషం పోతుంది.

గుర్తుంచుకోవలసినవి

* పెంకుతో ఉన్న గుడ్డును, ఒలిచిన పూర్తి గుడ్డును ఓవెన్‌లో పెట్టవద్దు.
* స్టీలు గిన్నెలు, గ్లాసులు, బంగారు అంచు ఉన్న కప్పులు వాడవద్దు. నిప్పురవ్వలు వస్తాయి.
* ఒకేసారి ఎక్కువసేపు కాకుండా విడతలుగా వేడి చేసి, మధ్యలో కలపాలి.
* తీసిన వెంటనే ముఖం దగ్గరకు తేవద్దు. ఒక నిమిషం ఆగాలి.
* పగిలిన, మురికి పట్టిన గుడ్లు కొనవద్దు. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో ఉంచాలి.
* గుడ్డులో పీచు, విటమిన్ సి లేవు. వెంట ఒక జామకాయో, టమాటా ముక్కలో ఉంటే అల్పాహారం సంపూర్ణమవుతుంది.