బావినీటి పరీక్ష

మన పల్లెలలో నీటి మంచిచెడ్డలను నిర్ణయించుటకు తరతరములుగా రెండే పరీక్షలు కలవు. నోట పోసికొన్న నీరు తియ్యగా నుండవలెను. ఎసట పోసిన కందిపప్పు మెత్తగా నుడుకవలెను. ఈ రెంటికిని నిలిచినది మంచినీళ్ల బావి. నిలువనిది ఉప్పునీళ్ల బావి. ఉప్పునీటిని గుర్తించుటకు ఈ పరీక్షలు చాలును. కాని తెలుగునాట ఎన్నో కుటుంబముల యెముకలను వంచిన ఫ్లోరైడు విషయమున ఇవి పనికిరాకపోవుటయే గాక, పెక్కుచోట్ల మనలను తప్పుదారి పట్టించుచున్నవి. ఈ సంగతిని భూవసతి గల పాఠకుల దృష్టికి తెచ్చుట మా విధియని తలచుచున్నాము.

ఈ వ్యాధి క్రొత్తది గాదు. మన దేశమున దీనిని గుఱించిన తొలి వైద్యపరిశోధన తెలుగు పల్లెలకు సంబంధించినదే. 1937లో షార్టును ఆయన సహచరులును నాటి చెన్నపురి రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెవాసులను పరీక్షించి, కీళ్లు బిగిసి, వెన్ను వంగక కొయ్యబాఱిన వారి దుస్థితికి త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. అంతకు ముందే దుక్కిటెద్దులు కాళ్లు పట్టి నడువలేకపోవుటను రైతులు గమనించిరని చెప్పుదురు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, ఫ్లోరైడు పీడిత గ్రామములలోని పిల్లలకు మోకాళ్లు లోనికి వంగుచున్న వైకల్యమును లోకమునకు వెల్లడించిరి. ఆ నాటినుండి నల్లగొండ జిల్లా పేరు చెప్పగానే ఫ్లోరైడు తలపునకు వచ్చుట పరిపాటియైనది.

దీనికి మూలము నేలలోనే కలదు. డిండి, హాలియా, మూసీ నదుల నీరు కృష్ణకు చేరు ఈ మెట్టసీమ చాలవఱకు గ్రానైటు శిలామయము. నల్లగొండ గ్రానైటులో కిలోకు 325 మొదలు 3,200 మిల్లీగ్రాముల వఱకు, సగటున 1,440 మిల్లీగ్రాముల ఫ్లోరైడు కలదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ప్రపంచమున గ్రానైటులకు చెప్పబడు సగటు 810 మాత్రమే. అభ్రకము, ఫ్లోరైటు, అపటైటు మొదలగు ఖనిజములలో ఈ ఫ్లోరైడు దాగియున్నది.

అయినను రాతిలో ఫ్లోరైడు ఉన్నంత మాత్రమున నీటిలో చేరవలెనని లేదు. చేరునో చేరదో నిర్ణయించునది నీటి రసాయనస్వభావము. వాననీరు మట్టిలో దిగునపుడు అందలి బొగ్గుపులుసు వాయువును గ్రహించి, రాళ్లను మెల్లగా కరగించుచు, బైకార్బొనేటుతో గూడిన క్షారజలమగుచున్నది. ఆ నీటిలో కాల్షియము పుష్కలముగా నున్నంతకాలము ఫ్లోరైడు హద్దుమీఱలేదు. ఏలయన ఈ రెండును కలిసి కరగని పదార్థమై అడుగునకు దిగును. కాని వానలు తక్కువై ఎండలు తీవ్రమైన మెట్టసీమలో నీరు ఆవిరియగుకొలది కాల్షియము సున్నపుగడ్డలై నేలలో పేరుకొనును. కొంత కాల్షియమును బంకమన్ను గ్రహించి, దానికి మాఱుగా సోడియమును నీటికిచ్చును. అట్లు కాల్షియము తొలగినపిదప ఫ్లోరైడును పట్టి నిలుపునది లేదు. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలము నిలిచిన అంతగా ఫ్లోరైడును లాగికొనును.

ఇక్కడనే మన పాతపరీక్ష బెడిసికొట్టుచున్నది. కాల్షియము హెచ్చుగా నున్న కఠినజలములో పప్పు త్వరగా నుడుకదు. గృహిణులు దానిని చెడ్డనీరందురు. కాల్షియము పోయి సోడియము, బైకార్బొనేటు నిండిన నీటిలో పప్పు వెన్నవలె నుడుకును, దానిని మంచినీరందురు. ఫ్లోరైడు పెరుగుటకు అనువైన నీరు ఈ రెండవదే! పప్పుడుకు నీరంతయు విషమని గాని, కఠినజలమంతయు క్షేమమని గాని మేము చెప్పుటలేదు. నాలుకయు పప్పుకుండయు ఈ వ్యవహారమున సాక్ష్యమునకు తగవని మాత్రమే మా వాదము. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. బావులలో సాధారణముగా నుండు పరిమాణమున రుచియు లేదు. కాచినచో పోవునను నమ్మకము మఱింత హానికరము; కాచుటవలన నీరు తగ్గి ఫ్లోరైడు చిక్కబడునే గాని తొలగదు.

లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేఱు గతి లేనప్పుడు 1.5 వఱకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. దానిని మించిన నీటిని పసితనమున త్రాగిన పిల్లల పండ్లపై సుద్దమచ్చలు, గోధుమచారలు ఏర్పడును. లీటరుకు 3 మొదలు 6 మిల్లీగ్రాముల వఱకు గల నీటిని ఏండ్లతరబడి త్రాగినచో ఎముకలకు చేటు కలుగవచ్చును; 10 దాటినచో మనుష్యుడు అవిటివాడగు ప్రమాదము కలదు. పాలు, ఆకుకూరలు కొఱవడిన బీదయింట ఈ కీడు త్వరగా ముదురును. ఒకసారి వంగిన యెముకను నిలువబెట్టు మందు లేదు. కావున నివారణమే చికిత్స.

నివారణకై ప్రయత్నములు జరుగకపోలేదు. నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ పటికను సున్నమును కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతియని పేరిడెను. ఇది చవుకయైనదే, కాని ప్రతిదినము పాళ్లు తూచి కలుపవలెను, అడుగున చేరిన మడ్డిని జాగ్రత్తగా తొలగింపవలెను. అట్టి నియమము పల్లెలలో చిరకాలము నిలుచుట కష్టము. అందువలన దూరమునుండి నదీజలమును గొట్టములద్వారా తెచ్చుటయే శాశ్వతమార్గమని తేలినది. తెలంగాణమున 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ఈ దారిలో గొప్ప ప్రయత్నమని చెప్పుటకు మేము సంకోచింపము.

కాని ఇంటికి కొళాయి వచ్చినంతమాత్రమున పని ముగిసినదని తలచుట పొరపాటు. గొట్టము పగిలిననాడు, విద్యుత్తు ఆగిననాడు ఊరు మరల బోరుబావికే పోవును. అంతకన్న ముఖ్యమైనది పొలములోని సంగతి. నాట్లనాడును కోతలనాడును కూలిజనము ప్రొద్దున మొదలు సాయంకాలమువఱకు త్రాగునది కొళాయినీరు గాదు, కామందుగారి బోరునీరే. ఎండలో శ్రమించువాడు ఇంటిపట్టున నున్నవానికంటె ఎన్నో మడుగులు నీరు త్రాగును. యజమాని యింట శుద్ధిచేసిన నీరు, కూలివాని ముంతలో బోరునీరు: ఈ వ్యత్యాసము ధర్మము గాదు.

నా భూమిలోని నీరు నాదని యజమాని చెప్పవచ్చును. 1882 నాటి ఈజుమెంటు చట్టము భూస్వామికి తన నేలక్రింది నీటిని తోడుకొను హక్కునిచ్చిన మాట నిజమే. అయినను, నేలక్రింది నీరు గట్లను ఎఱుగదు. ఈ సంగతిని గుర్తించియే 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము బావుల నమోదును, క్రొత్తబావికి అనుమతిని విధించెను. పైనీరు ఎండినకొలది మఱింత లోతునకు పోవుచున్నాము. రాతితో చిరకాలము చెలిమి చేసిన నీటిని పైకి లాగుచున్నాము. హక్కు ఎవరిదైనను ఫలితము ఊరందరిది.

కావున మేము కోరునది మూడే పనులు. ఒకటి: మనుష్యులు త్రాగు ప్రతి బోరును వానలకు ముందొకసారి, తరువాత నొకసారి పరీక్షింపజేయవలెను. ప్రక్కప్రక్క బావులలోనే నీరు వేఱువేఱుగా నుండును గనుక పొరుగువాని పరీక్ష మనకు చాలదు. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు పరీక్షాపేటికల వాడుక నేర్పు ఏర్పాటు కలదు. పంచాయతీలు వారి సేవను వినియోగించుకొని, సందేహము కలిగినచో ప్రయోగశాలకు పంపవలెను. రెండు: వచ్చిన అంకెను దాచక బావి గట్టుమీద పెద్దయక్షరములతో వ్రాయింపవలెను, 1.5 మించినచోట పొలమునకు మంచినీరు మోయించుట యజమాని బాధ్యత కావలెను. మూడు: చెఱువుల పూడిక తీయించి, వాగుల నీటిని నిలువరించి, నేలలోనికి క్రొత్తనీరు దిగనీయవలెను. ఇందువలన చాలచోట్ల పైపొర నీరు పలుచబడును. అయినను ఇది పరీక్షకు బదులు గాదు.

ఇందులో దేనికిని గొప్ప ధనము అక్కఱలేదు. బోరు వేయించుటకు లక్షలు వెచ్చించువాడు పరీక్షకు వెనుదీయుట వింత. భూమికి పట్టా లేకున్న రైతు నిద్రపోడు. అట్లే బావికి పరీక్షాపత్రము లేకున్నను నిద్రపట్టని దినము మన పల్లెలకు రావలెను.